మన పాఠకులకి మనమే అమ్ముకుంటూ కమీషన్ ఎందుకు కట్టాలి?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పిల్లల కోసం రాసిన 24 కథల్ని ఒక పుస్తకంగా కూర్చాను. గంగమ్మ జాతర, కపిలతీర్థం, చంద్రగిరి కోట, అన్నీ మన ఊరి చుట్టూ తిరిగే కథలే. లోపల పెన్సిల్ బొమ్మలున్నాయి. వారానికో కథ వాట్సాప్‌లో పంపుతుంటాను, 350 మంది దాకా చదువుతారు. ఇప్పుడు పీడీఎఫ్ 99 రూపాయలకి అమ్ముదామని ఉంది. ఒక తెలుగు యాప్ వాళ్లు 30 శాతం కమీషన్ అన్నారు, మూడేళ్లపాటు ఇంకెక్కడా పెట్టకూడదంట. ఇంకో సంస్థ 7,500 కడితే ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు), కాపీరైట్, ప్రచారం అన్నీ తామే చూసుకుంటామంటోంది. మా తమ్ముడేమో "ఫోన్‌పే నంబరిచ్చి నువ్వే అమ్ముకో అక్కా, ఎవరికీ పైసా కట్టొద్దు" అంటాడు. అమెరికాలో బంధువులు కూడా కొంటామంటున్నారు. ముందు ముందు ఇంగ్లీషు చేయించి కిండిల్‌లో పెట్టాలని, 200 కాపీలు అచ్చు వేయించాలని కూడా ఆలోచన. ఈ ఫీజులు కట్టడం దండగా, అవసరమా?

సమాధానం: మీ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉందమ్మా. మీ 350 మందికి అమ్మేటప్పుడు ఎవరికీ 30 శాతం ఇవ్వక్కర్లేదు. మీ పేరు కూడా తెలియని పాఠకుడిని ఎవరైనా తెచ్చిపెడితే మాత్రం వాళ్లకి ఇవ్వాల్సిందే, ఇచ్చినా మీకే లాభం. దామలచెరువు మండీకి మామిడికాయ తోలిన రైతు కమీషన్ కట్టేది అక్కడికి నాలుగూళ్ల వ్యాపారులు వస్తారు కాబట్టి. తోట దగ్గరికే వచ్చి కొన్నవాడికి ఇచ్చిన కాయకి మండీలో కమీషన్ కట్టే రైతు ఎక్కడా ఉండడు.

ప్లాట్‌ఫామ్ ఫీజు అని ఒకే మాటగా అంటారు గానీ అందులో మూడు పనుల ఖర్చు కలిసి ఉంటుంది. ఒకటి డబ్బు వసూలు, రెండోది ఫైలు పాఠకుడి చేతికి చేర్చడం, మూడోది కొత్త పాఠకుణ్ణి తేవడం. మొదటి రెండూ ఇప్పుడు చాలా చవక. 30 శాతం అడిగేవాళ్లు మూడో పని చేస్తేనే ఆ ధరకి న్యాయం. కాబట్టి "30 ఎక్కువా, 10 తక్కువా" అని కాకుండా, "నా పుస్తకం కొన్న నూరుమందిలో మీవల్ల వచ్చినవాళ్లెందరు" అని అడగాలి.

లెక్క వేసి చూద్దాం. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే మన దేశపు పేమెంట్ గేట్‌వేలు, ఉదాహరణకి రేజర్‌పే, మామూలుగా ఒక్కో చెల్లింపు మీద 2 శాతం తీసుకుంటాయి. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. అంటే 99 రూపాయలకి ఫీజు 1.98, పన్ను 36 పైసలు, మీ చేతికి 96.66. అదే 30 శాతం యాప్ అయితే కమీషన్ 29.70. దాని మీద జీఎస్టీ విడిగా వేస్తే ఇంకో 5.35. మీ చేతికి 63.95. మీకు జీఎస్టీ నంబరు లేదు కాబట్టి ఆ పన్ను తిరిగి రాదు, కాబట్టి మీకు 30 శాతం అంటే నిజానికి 35.4 శాతం. వాళ్లు చెప్పిన 30లో పన్ను కలిసి ఉందా లేదా అన్నది మొదట తేల్చుకోండి.

ఇంకో చిక్కు ఉంది. పాఠకుడు యాప్ లోపలే కొంటే గూగుల్ ప్లే తన వాటాగా 15 నుంచి 30 శాతం దాకా తీసుకుంటుంది. కొన్ని యాపులు అది పోగా మిగిలినదాంట్లో మీతో పంచుకుంటాయి. 15 శాతమే పోయిందనుకున్నా 99లో 84.15 మిగులుతుంది. అందులోంచి 30 శాతం, దాని మీద పన్ను పోతే మీకు దక్కేది 54 రూపాయల చిల్లర. ఒప్పందంలో "నికర ఆదాయం మీద" అన్న మాట ఉంటే అర్థం ఇదే. "ముఖవిలువ మీద" అని ఉంటే ముందు చెప్పిన లెక్క.

ఇప్పుడు 63.95 వచ్చే లెక్కే తీసుకుందాం. యాప్‌లో నూరుమంది కొంటే మీకు 6,395 రూపాయలు. అదే డబ్బు మీరు నేరుగా 66 మందికి అమ్మితే వస్తుంది. అంటే ఆ నూరుమందిలో కనీసం 34 మంది మీకు ఏ మాత్రం పరిచయం లేని, యాప్ తెచ్చిన పాఠకులైతే కమీషన్ గిట్టినట్టు. మీ వాట్సాప్ గుంపులోని వాళ్లే 90 మంది అక్కడికి వెళ్లి కొంటే మీరు మీ పాఠకుల్ని అప్పజెప్పి, పైన డబ్బు కూడా కట్టినట్టు. చాలామంది కొత్త రచయితలకి జరిగేది ఇదే. యాప్‌లో పెట్టిన రోజే ఆ లింకు తమ గుంపులన్నిటిలో పెడతారు. మొదటి వారం అమ్మకాలు చూసి యాప్ బాగా అమ్ముతోందనుకుంటారు. రెండో నెలలో ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు. అమ్మింది తామేనని అప్పటికీ తోచదు.

అందుకని రెండు దారులూ వాడుకోవచ్చు, కానీ కలపొద్దు. మీ గుంపులకి మీ సొంత లింకే ఇవ్వండి. యాప్ లింకు ఎక్కడా పంచకండి. అక్కడ వచ్చే అమ్మకమంతా అప్పుడు నిజంగా యాప్ తెచ్చిందే అవుతుంది, మూడు నెలల్లో దాని బలం ఎంతో తెలిసిపోతుంది. అయితే ఒక మాట. కొన్ని వేదికలు ఇంకోచోట అంతకన్నా తక్కువ ధర పెట్టకూడదని షరతు రాస్తాయి. ధర రెండుచోట్లా 99 గానే ఉంచితే ఆ పేచీ ఉండదు.

ఈ పద్ధతికి అడ్డం ఆ మూడేళ్ల షరతు. మీరు 30 శాతం గురించి దిగులు పడుతున్నారు గానీ, మా దృష్టిలో అసలు ఖరీదైన ఫీజు అదే. మూడేళ్లు ఇంకెక్కడా పెట్టకూడదంటే మీ 350 మందికీ మీరు నేరుగా అమ్మలేరు. అచ్చు పుస్తకం కూడా అందులోకి వస్తుందేమో చూడాలి. ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు కూడా ఆ కాగితంలో ఎక్కడో ఒక వాక్యంలో ఇరికించి ఉంటారు. మీరు ఇంగ్లీషు చేయించాలనుకుంటున్నారు, ఆ వాక్యం ఉంటే అదీ పోయినట్టే.

కాపీరైట్ చట్టం 19వ సెక్షను ఇక్కడ మీకు అండ. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే అని లెక్క. ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే మన దేశం వరకే. బదిలీ చేసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, అది రద్దయినట్టే. "వేరేగా రాసి ఉంటే తప్ప" అన్నదే మెలిక, అందుకే సంతకం పెట్టకముందు ఆ పేజీ చదవాలి. యాప్‌తో బేరం ఆడేటప్పుడు ఇలా అడగండి: తెలుగు ఈ-బుక్కు హక్కు ఒక్కటే ఇస్తాను, ప్రత్యేక హక్కు కాదు. ఆడియో, అనువాదం, అచ్చు నావే. 30 రోజుల నోటీసుతో నేను వెనక్కి తీసుకోవచ్చు. దీనికి ఒప్పుకుంటే 30 శాతం కూడా పెద్ద భారం కాదు. ఒప్పుకోకపోతే, ప్రత్యేక హక్కుకి బదులుగా ముందుగా ఎంత డబ్బిస్తారో అడగండి. ఏమీ ఇవ్వకుండా మూడేళ్లు కట్టిపడేసుకునేది మంచి బేరం కాదు.

7,500 ప్యాకేజీ సంగతి తొందరగా తేల్చేయొచ్చు, వద్దు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ వెబ్‌సైట్లో రచయితే తన పేరుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంస్థ పేరుతో తీసుకుంటే ప్రచురణకర్తగా వాళ్ల పేరే నమోదవుతుంది, తర్వాత ఎడిషన్ మీరు వేసుకోవాలంటే కొత్త నంబరు తీసుకోవాలి. అచ్చుకి ఒకటి, ఈ-బుక్కుకి ఒకటి, రెండు నంబర్లు అడగండి. నేరుగా పీడీఎఫ్ అమ్మడానికి మాత్రం అది లేకపోయినా ఫర్వాలేదు. కాపీరైట్ మీరు రాసిన క్షణమే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలనుకుంటే సాహిత్య రచనకి ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. ఇక మిగిలింది ప్రచారం. ఏం చేస్తారని అడిగితే వాళ్ల ఫేస్‌బుక్ పేజీలో రెండు పోస్టులు అని తేలుతుంది. పుస్తకానికి 60 రూపాయలు మిగులుతాయనుకున్నా, ఆ 7,500 తిరిగి రావడానికే 125 కాపీలు పోవాలి. ఆ డబ్బుతో మంచి కవరు వేయించుకోండి, అచ్చుతప్పులు చూసేవాళ్లకి ఇవ్వండి. పాఠకుడు కొనేది అవి చూసే.

ఇప్పుడు నేరుగా అమ్మే పద్ధతి. ఇక్కడ కష్టం అంతా చిన్న చిన్న విషయాల్లో ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారికి పడే ఎండీఆర్ అనే రుసుము 2020 జనవరి నుంచి సున్నా. కాబట్టి మీ తమ్ముడు చెప్పినట్టు ఫోన్‌పే నంబరుతో అమ్మితే నిజంగానే పైసా పోదు. కానీ మీ సొంత ఖాతా వాడకండి. బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా తెరిచి, దానికి వ్యాపార క్యూఆర్ కోడు తీసుకోండి. ఇంటి ఖర్చులూ పుస్తకం డబ్బులూ ఒకే ఖాతాలో కలిస్తే ఏడాది చివర రిటర్న్ వేసేటప్పుడు విడదీయలేక అవస్థ పడతారు. రెండో జాగ్రత్త, స్క్రీన్‌షాట్ చూసి పుస్తకం పంపొద్దు. చెల్లించినట్టు చూపించే నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాపులున్నాయి. మీ యాప్‌లో డబ్బు పడినట్టు కనిపించాకే పంపాలి. డబ్బు పంపేటప్పుడు నోట్‌లో పాఠకుడి పేరు రాయమనండి, లేకపోతే ఒకే పూట పదిమంది 99 పంపితే ఏది ఎవరిదో తెలియదు.

నెలకి ఇరవై ముప్పై కాపీల వరకు ఈ పద్ధతి హాయిగా నడుస్తుంది. అది దాటితే మీరు బడిలో పాఠం చెబుతుండగా ఫోన్ మోగుతూనే ఉంటుంది. రాత్రి పదింటికి డబ్బు కట్టినవాళ్లు పదీ అయిదుకి "పుస్తకం రాలేదు" అని మెసేజ్ పెడతారు. పేమెంట్ గేట్‌వేకి 2 శాతం ఎందుకు కట్టాలో అప్పుడు అర్థమవుతుంది. డబ్బు పడగానే ఫైలు దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసుకోవచ్చు. పుస్తకానికి రెండు రూపాయల ముప్పై నాలుగు పైసలకి మీ సాయంత్రాలు మిగులుతాయి. ఇది కట్టదగ్గ ఫీజు, సందేహమే లేదు.

గేట్‌వే ఖాతాకి పాన్, బ్యాంకు వివరాలతో పాటు ఒక వెబ్ పేజీ అడుగుతారు. అందులో ధర, మిమ్మల్ని సంప్రదించే వివరాలు, నిబంధనలు, గోప్యత, డబ్బు వాపసు గురించి పేజీలు ఉండాలి. దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది ఈ వాపసు పేజీ లేకే. డిజిటల్ పుస్తకానికి "ఫైలు తెరుచుకోకపోతే ఏడు రోజుల్లో చెప్పండి, సరిచేసి పంపుతాం, లేదా డబ్బు వాపసు" అని రాస్తే చాలు. డబ్బు మామూలుగా రెండు పనిదినాల్లో మీ ఖాతాకి వస్తుంది. మీరు పాఠకుడికి వాపసు ఇచ్చినా గేట్‌వే తన ఫీజు తిరిగి ఇవ్వదు, ఆ రెండు రూపాయలు మీవి పోయినట్టే.

నెలవారీ అద్దె అడిగే ఆన్‌లైన్ దుకాణాలు కూడా ఉన్నాయి. నెలకి 500 అంటే ఏడాదికి 6,000. అమ్మకం మీద 10 శాతం తీసుకునే చోటుతో పోలిస్తే ఏడాదికి 60,000 రూపాయల అమ్మకం, అంటే 606 కాపీలు దాటితేనే అద్దె లాభం. ఒక్క పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు అద్దె జోలికి పోకూడదు. నాలుగైదు పుస్తకాలయ్యాక మళ్లీ చూసుకోవచ్చు.

ఫైలు గురించి. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తాయి. అచ్చుకి అది చక్కగా పనికొస్తుంది. పీడీఎఫ్‌గా మార్చినా కంటికి బాగానే ఉంటుంది. కానీ అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాదు. ఆ ఫైలుని యాప్‌లకో, ఈపబ్ అనే ఈ-బుక్కు ఫైలు తయారీకో ఇస్తే అక్షరాల స్థానంలో పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు గానీ వత్తులు తారుమారవుతాయి, మొత్తం మళ్లీ ఒకసారి చదవాల్సిందే. 24 కథలకి అది రెండు మూడు రోజుల పని, మానొద్దు. మీరు వాట్సాప్‌లో పంపిన కథలు ఎటూ యూనికోడ్‌లోనే టైపు చేసి ఉంటారు కాబట్టి డీటీపీ వాళ్ల ఫైలు కాకుండా వాటినుంచే మొదలుపెడితే సగం శ్రమ తప్పుతుంది. మండలి, రామభద్ర, గిడుగు, నోటో లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అమ్మే పుస్తకంలోనూ వాడొచ్చు.

ఏ4 సైజు పీడీఎఫ్ చేయకండి. మీ పాఠకులు చదివేది ఫోన్‌లో. ఏ4 పేజీ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, ప్రతి వరుసకీ పక్కకి జరుపుకోవాలి. రెండు పేజీలు చదివి మూసేస్తారు. పేజీ 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు, అక్షరం 14 పాయింట్లు పెట్టండి. పెన్సిల్ బొమ్మల్ని గ్రేస్కేల్‌లో 150 డీపీఐకి తగ్గిస్తే ఫైలు బరువు బాగా దిగుతుంది. 5 ఎంబీ లోపు ఉంటే మంచిది. దాచేటప్పుడు "ఫాంట్లు పొందుపరచు" అన్నది టిక్ చేసి ఉందో లేదో చూడండి. పంపేముందు పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకదానిలో తెరిచి చూడండి, కొత్త ఫోన్‌లో కనిపించని తప్పులు అందులో బయటపడతాయి.

ఒకరు కొని పదిమందికి పంపేస్తారన్న భయం అందరికీ ఉంటుంది. కొంత జరుగుతుంది. దానికి తాళాలు వేసే ఖరీదైన ఏర్పాట్లు వద్దు, అవి కొన్నవాళ్లనే ఇబ్బంది పెడతాయి. ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు చిన్న అక్షరాల్లో వచ్చేలా చేస్తే చాలు, తన పేరున్న ఫైలుని గుంపులో పెట్టడానికి మనిషి వెనకాడతాడు. ఒక కథ మాత్రం మీరే ఉచితంగా వదలండి. గంగమ్మ జాతర వేషాల కథ అయితే బాగుంటుంది. బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం చూడటానికి మే నెలలో ఊరంతా బయటే ఉంటుంది. ఆ వారంలో ఆ కథ ఎన్ని చేతులు మారితే అంత మేలు. చివరి పేజీలో మీ లింకు ఉండాలి, అంతే.

అమెరికా బంధువుల దగ్గరికి వద్దాం. వాళ్లకి ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాస భారతీయులకిచ్చే బ్యాంకు ఖాతా) ఉంటే, వాళ్ల బ్యాంకు అనుమతిస్తే, అమెరికా నంబరుతోనే యూపీఐ వాడొచ్చు. అయినవాళ్లకి అదే తేలిక. అది లేనివాళ్లకి మన గేట్‌వేల ద్వారా విదేశీ కార్డులు తీసుకోవచ్చు, ఫీజు 3 శాతం దాకా ఉంటుంది, దానికి విడిగా అనుమతి తీసుకోవాలి. గమ్‌రోడ్ లాంటి విదేశీ వేదికలో అమ్మకానికి కనీసం 10 శాతం, ఆ పైన 50 సెంట్లు. వాళ్ల డిస్కవర్ విభాగం ద్వారా వచ్చిన అమ్మకానికి 30 శాతం. చిన్న ధరలకి ఆ 50 సెంట్లు ప్రాణాంతకం. 99 రూపాయలంటే డాలరు పైచిలుకు, అందులో సగానికి పైగా ఫీజుకే పోతుంది. అదే పుస్తకం 4.99 డాలర్లు పెడితే పోయేది కనీసం డాలరు, అంటే ఐదోవంతు. విదేశాల్లో ధర వేరేగా పెట్టడంలో తప్పేమీ లేదు. అక్కడి రాష్ట్రాల అమ్మకపు పన్నుల గొడవ 2025 జనవరి నుంచి గమ్‌రోడే చూసుకుంటోంది. ముక్కూ మొహం తెలియని విదేశీ పాఠకులు వస్తున్నారంటే ఆ ఒక్క పనికే ఫీజు ఇవ్వొచ్చు. పదిమంది చుట్టాల కోసమైతే అక్కర్లేదు. ఇక పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలోని లావాదేవీలు ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేదానికే పనికొస్తుంది. కరెన్సీ మార్పిడిలో అది ఇంకొంత తగ్గించి ఇస్తుంది.

కిండిల్ విషయంలో తెలుగు పుస్తకానికీ ఇంగ్లీషు పుస్తకానికీ సంగతి వేరు. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల్లోకి వచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు పుస్తకం అక్కడ పెట్టాలనుకుంటే ముందు వాళ్ల భాషల పట్టీ చూసి, అప్పుడు ఫైలు మీద శ్రమ పెట్టండి. ఇంగ్లీషు అనువాదానికైతే రాయల్టీ రెండు రకాలు, 70 శాతం, 35 శాతం. మన దేశపు అమ్మకాల మీద 70 రావాలంటే సెలెక్ట్ అనే పథకంలో చేరాలి. అందులో 90 రోజులు ఆ ఈ-బుక్కు ఇంకెక్కడా పెట్టకూడదు. గడువు అయ్యాక మీరు ఆపకపోతే మళ్లీ 90 రోజులకి దానంతటదే సాగుతుంది. ఇంకోటి, 70 శాతం పద్ధతిలో ఫైలు చేరవేతకి ఎంబీకి 7 రూపాయలు ధరలోంచి ముందే పట్టుకుని, మిగిలినదాని మీద 70 లెక్కేస్తారు. మీది బొమ్మల పుస్తకం. పన్ను సంగతి పక్కనపెట్టి 99 రూపాయల ధరకి చూస్తే, 3 ఎంబీ ఫైలుకి మీకు 54.60 వస్తుంది. 8 ఎంబీ అయితే 30.10. అదే 35 శాతం పద్ధతిలో చేరవేత ఖర్చు లేదు, 34.65 వస్తుంది. ఫైలు 7 ఎంబీ దాటిందంటే తక్కువ శాతమే ఎక్కువ డబ్బు. బొమ్మలు తగ్గించండి, లేదా 35 ఎంచుకోండి. అమెరికా అమ్మకాల మీద 30 శాతం పన్ను కోసేస్తారు. ఖాతా తెరిచేటప్పుడు పన్ను ప్రశ్నావళిలో మీ పాన్ ఇచ్చి భారత్-అమెరికా ఒప్పందం కింద అడిగితే అది 15కి తగ్గుతుంది. ఆ ప్రశ్నావళిని తొందరలో దాటేసినవాళ్లే 30 పోగొట్టుకుంటున్నారు.

అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. షాపులకి ఇస్తే 35, 40 శాతం దాకా కమీషన్ అడుగుతారు, డబ్బు ఆలస్యంగా వస్తుంది. 200 కాపీలే కాబట్టి సగం మీ వాళ్లకి నేరుగా పోస్టులో పంపుకోండి. డెమ్మీ 1/8 సైజులో, 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం మీద 160 పేజీల పుస్తకం అట్టతో కలిపి 185 గ్రాముల చుట్టూ తూగుతుంది. తపాలా శాఖ 2025 మేలో మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. అది విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధ పుస్తకాలకి. లోపల వ్యాపార ప్రకటనలుండకూడదు, ముద్రించినవారి పేరో ప్రచురణకర్త పేరో తప్పక ఉండాలి. కవరు అంటించకముందే హెడ్ పోస్టాఫీసు కౌంటర్లో పుస్తకం చూపించి అడగండి, అంటించాక తీసుకెళితే మళ్లీ విప్పమంటారు. పుస్తకం చివర తెలిసినవాళ్ల దుకాణం ప్రకటన వేయించుకుని అచ్చు ఖర్చు రాబట్టుకుందామనుకుంటే ఈ తక్కువ ధర పోతుంది, చూసుకోండి.

పన్నుల గురించి క్లుప్తంగా. ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ బెంగ అక్కర్లేదు. రాయల్టీగా ఒక సంస్థ నుంచి ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం దాకా కోత పడుతుంది. జీతంతో పాటు ఈ ఆదాయం కూడా చూపించాలి. పుస్తకాల రాయల్టీ మీద 3 లక్షల దాకా మినహాయింపు ఉంది, అయితే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

ఈ వారం మీరు చేయాల్సింది యాప్ వాళ్లకి ఒక ఈమెయిల్ పెట్టడం. ఫోన్‌లో వద్దు, రాతలోనే జవాబు రావాలి. 30 శాతం ముఖవిలువ మీదా, ప్లే స్టోర్ వాటా పోయాక మిగిలినదాని మీదా? జీఎస్టీ అందులో కలిసిందా? ఎన్ని రూపాయలు జమైతే డబ్బు పంపుతారు, ఎన్ని రోజులకి? ఏ రోజు ఎన్ని కాపీలు పోయాయో, పాఠకులు ఎక్కడినుంచి వచ్చారో మాకు కనిపిస్తుందా? పిల్లల కథల విభాగంలో నెలకి ఎన్ని పుస్తకాలు అమ్ముడవుతున్నాయి? ప్రత్యేక హక్కు లేకుండా తీసుకుంటారా? చివరి రెండింటికీ సూటిగా జవాబు వస్తే మూడు నెలలు ప్రయత్నించి చూడండి. జవాబు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈలోపు క్యూఆర్ కోడుతో మీ గుంపులో అమ్మకం మొదలుపెట్టండి.